నాలుగో పేజీ బంతాట

మా బాపుకూ నా మగనికీ చెడింది పొలం గట్టు దగ్గర కాదు, పెట్టిపోతల దగ్గరా కాదు. పట్నంలో ఎవరో పదకొండు మంది ఇంకెవరో పదకొండు మందితో తోలుబంతి తన్నుకుంటే, ఆ సంగతి అచ్చేసిన కాగితం దగ్గర చెడింది. ఆ ఆడేవాళ్లలో ఒక్కణ్ణి కూడా మా బాపు కళ్లతో చూసి ఎరగడు. నా మగడు చూశాడు గాని, అదీ ఏడాదికి ఒకసారో రెండుసార్లో, రైలు పాసు దొరికినప్పుడు. వాళ్లిద్దరి నడుమ నలిగింది నా తొలిచూలు కాన్పు. తల్లిగారింట్లో జరగవలసిన కాన్పు. అందుకే ఆ ఏడాది సంగతులు నాకు మిగతా అన్ని ఏళ్లకన్నా బాగా జ్ఞాపకం.

నా తల్లిగారిల్లు ఎల్లారెడ్డి. బాపు అక్కడ తాలూకా కచ్చేరీ ముందర చాప పరుచుకుని అర్జీలు రాసేవాడు. ఉర్దూ చదవను రాయను వచ్చినవాడు కనుక ఊరంతా మున్షీసాబు అనేవాళ్లు. పట్నం నుంచి ఆయన పేరు మీద రోజూ ఒక ఉర్దూ పత్రిక వచ్చేది. మా ఇండ్లలో దాన్ని అక్బారు అనేవాళ్లం. పొద్దున మోటరు రాగానే బాపు దాన్ని తెచ్చుకుని మా అరుగు మీద కూర్చునేవాడు. రైతులు, దుకాణాలవాళ్లు, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు చుట్టూ చేరేవాళ్లు. ఆయన ఒక వాక్యం కళ్లతో చదువుకుని, గొంతు సవరించుకుని, తెలుగులో చెప్పేవాడు. అందరూ ఊఁ అంటేనే తర్వాతి వాక్యానికి పోయేవాడు. అదే ఆయనకు ఊళ్లో ఉన్న పెద్దరికం. మాకు గొప్ప భూములేమీ లేవు. ఆ అరుగు ఉంది, ఆ గొంతు ఉంది.

నన్నిచ్చింది కామారెడ్డికి. నా మగడు అక్కడ స్టేషనులో పార్సిలు గుమాస్తా. పత్రికల కట్ట సాయంత్రం బండికి దిగేది. పెండ్లి మాటల్లోనే ఈ సంగతి తేలింది: మామగారి పత్రికను అల్లుడు బండి దగ్గర అందుకోవాలి, ఆ రాత్రికి చదువుకోవచ్చు, తెల్లారి మొదటి మోటరుకు ఎల్లారెడ్డి పంపాలి. బాపు సంబరపడ్డాడు. ‘నా అక్బారు ఇప్పుడు అల్లుని చేతుల మీదుగా వస్తది’ అని పదిమందికీ చెప్పుకున్నాడు. పొద్దున్నే ఆయన నౌకరీకి పోతే, పత్రికను దారంతో చుట్టి మోటరు కండక్టరు చేతికిచ్చే పని నాది. నాకు తెలుగు అక్షరాలే కూడబలుక్కుంటే గాని రావు. ఉర్దూ రాత నా కంటికి ఎండలో పరిచిన మెంతి కూరలా ఉండేది. అయినా ఆ కట్టను చేతిలోకి తీసుకుంటే మా అరుగు మీద కూర్చున్నట్టే అనిపించేది నాకు.

మాకు పెండ్లయిన రెండో ఏడు, యుద్ధం మొదలైన మరుసటి ఏడు. కాగితం దొరకడం లేదని పత్రిక నాలుగు పేజీలకు దిగిపోయింది. బంతాట సీజను వానలతోపాటు మొదలవుతుంది. అంతకుముందు ఏళ్లలో ఏ మూలనో నాలుగు ముక్కలు రాసి వదిలేసేవాళ్లట. ఆ ఏడు మాత్రం నాలుగో పేజీ మొత్తం బంతాటకే ఇచ్చేశారు. బొమ్మలు కూడా వేశారు. అంతవరకూ నాలుగో పేజీలో ఉన్న వానల సంగతి, పంటల సంగతి, బజారు ధరలు మూడో పేజీ అడుగుకు, చీమ తలకాయలంత అక్షరాల్లోకి పోయాయి.

ఆ మొదటిరోజు ఆయన ఇంట్లోకి చెప్పులు కూడా విడవకుండా వచ్చాడు.

“అమ్మా, ఇగో చూడు! పేజీ పేజంత మనదే!”

మా అత్త బియ్యంలో రాళ్లు ఏరుతున్నది. తల ఎత్తలేదు.

“మనదా? మన పేరు మీద రాసిచ్చిండ్రా? ఎన్ని కుంటలుంటది?”

“నీకు చెప్పుడు నాదే తప్పు.”

“తప్పే. చెప్పులిడువు ముందుగాల.”

స్టేషను ముందర చాయ హోటలు ఒకటి ఉండేది. అక్కడ ఆ సాయంత్రమే కొట్లాట అయింది. గూడ్సు షెడ్డువాళ్లు, స్టేషనువాళ్లు ఒక దిక్కు. బెల్లం మండీల వాళ్లు ఇంకో దిక్కు. ఆయన వచ్చి చెబుతుంటే నేను రొట్టెలు చేస్తూ విన్నాను.

“బెల్లం ధర ఏదిరా అక్బార్ల, అని ఒకడు మీద మీదికొచ్చిండు. నేనేమన్ననో ఎరికేనా? బెల్లం నీ దుకాణంల ఉంటది, దాని ధర నీకే తెల్వకుంటే పట్నపోళ్లకేం తెలుస్తది అన్న.”

“వాడేమన్నడు?”

“బంతి నీ కాళ్ల దగ్గరుంటది, మరి నీకెందుకు అక్బారు అన్నడు.”

మా అత్త కిసుక్కున నవ్వింది. ఆయన ఆ రాత్రి సరిగా తినలేదు.

అటు ఎల్లారెడ్డిలో జరిగింది కండక్టరు నోటి వెంట తెలిసేది. మోటరు రోజూ పోయి వచ్చేది కనుక పత్రిక అటు పోతే ఎత్తిపొడుపులు ఇటు వచ్చేవి. బాపు మూడు పేజీలు చదివి, నాలుగోది తిప్పకుండానే మడిచి తొడ కింద పెట్టుకున్నాడట. కచ్చేరీలో కొత్తగా చేరిన గుమాస్తా ఒకడు బంతాట పిచ్చివాడు. వాడు ఊరుకోలేదు.

“మున్షీసాబ్, నాలుగో పేజీ?”

“దాంట్ల ఏం లేదు.”

“బొమ్మలు కనవడ్డయ్ గదా.”

“బొమ్మలు చూస్తవా? ఇగో.” అని బాపు కాగితం విప్పి, రెప్పపాటు వాని ముఖం ముందర పెట్టి, మళ్లీ మడిచేశాడట. “చూసినవు గదా. ఇగ పనికి పో.”

అది విని నా మగడు మండిపడ్డాడు. “నాలుగో పేజీ కూడ పైసలకే వస్తది, అది చదవకుంటె సగం అక్బారు దాసుకున్నట్టు అని మా మామకు చెప్పు” అని కండక్టరుతో చెప్పి పంపాడు. మర్నాడు జవాబు వచ్చింది. “దేవుడు చేతులిచ్చింది రాయనీకి, నోరిచ్చింది చదవనీకి. కాళ్లతోటి చేసేటి పనికి అక్బారెందుకని మా అల్లునికి చెప్పు.” కండక్టరుకు ఇది పండుగలా ఉండేది. రెండు చోట్లా చాయ తాగుతూ, ఇక్కడి మాటకు ఇంకొంత కారం కలిపి అక్కడ, అక్కడి మాటకు ఇంకొంత కలిపి ఇక్కడ చెప్పేవాడు. నాకు అప్పుడు అయిదో నెల. కట్ట కట్టి ఇచ్చేటప్పుడు ‘మా బాపుకు నేను బాగున్నట్టు చెప్పు అన్నా’ అనేదాన్ని. ఆ మాట ఎన్నడూ చేర్చలేదు వాడు. దాంట్లో రుచి లేదు కాబోలు.

అట్లా నెల గడిచింది. ఒక సాయంత్రం ఆయన ఇంటికి వచ్చి, మాట్లాడకుండా గోడకు ఆనుకుని పత్రిక విప్పాడు. ముఖం నల్లబడింది.

“ఇటు రా. నీ బాపు రాసింది విను.”

జాబులు వేసే చోట, మూడో పేజీలో, బాపు రాసింది అచ్చయింది. పేరు లేదు, ఎల్లారెడ్డి మున్షీ అని మాత్రం ఉంది. ఎల్లారెడ్డిలో ఆ పేరుతో పిలిచేది ఒక్క మా బాపునే. ఆయన పళ్లు కొరుకుతూ ఒక్కొక్క వాక్యం నాకు తెలుగులో చెప్పాడు. మా తాలూకాలో వాన ఎక్కడ పడింది, ఎక్కడ పడలేదు తెలుసుకోవడానికి మేము పత్రిక తెప్పించుకుంటున్నాం గాని, పట్నంలో ఎవరి కాలు ఎవరి పిక్కకు తగిలిందో తెలుసుకోవడానికి కాదు. లోకం యుద్ధంలో తగలబడుతుంటే నాలుగింట ఒక వంతు కాగితం బంతికి ఇవ్వడం ఏ న్యాయం. ఇంతవరకు నాకు కూడా సబబుగానే అనిపించింది. తర్వాత అసలు ముక్క వచ్చింది. కామారెడ్డి స్టేషనులో సర్కారు జీతం తింటూ, పార్సిళ్లు పక్కన పడేసి, బండి దిగిన పత్రికను బంతి కోసం ముందు విప్పుకునేవాళ్లు కూడా ఉన్నారు. ఇట్లాంటివాళ్లను మీ పత్రికే పాడు చేస్తున్నది.

“ఇది నన్నే గదా?” అన్నాడు.

నేను దీపం వత్తి పైకి జరిపాను.

“నన్నే గదానే? పార్సిళ్ల దగ్గర ఇంకెవడున్నడు? మా పెద్దసాబు చదువుతడు ఈ అక్బారు. రేపు పిలిచి అడిగితె? నా మామనే రాసిండని చెప్పాల్నా?”

ఆయన కోపం అబద్ధం కాదు. ఇది నేను ఇవాళ కూడా ఒప్పుకుంటాను. గడ్డం గీసుకునే కత్తి తెచ్చి, ఆ జాబు చుట్టూ గీత గీసినట్టు కోశాడు. దాని వెనక నాలుగో పేజీలో బంతాట రాత ఉంది. అది కూడా పోతుందని తిప్పి చూసుకున్నాడు, అయినా కోశాడు. ఆ ముక్క పట్టుకుని హోటలుకు పోయి, బంతాట బొమ్మలు అతికించిన గోడ మీద నడుమ అతికించి వచ్చాడు. వస్తూనే నాతో అన్నాడు: “రేపు మోటరుకు అక్బారు ఇయ్యకు. బండికి రాలేదని చెప్పు.”

ఆ మాట విని ఉంటే అయిపోయేది. నేను వినలేదు.

పొద్దున ఆయన వెళ్లాక పత్రిక తీసి చూశాను. అరచేయంత చిల్లు. మోటరు దగ్గర బాపు నిలబడి ఉంటాడు. పత్రిక లేదంటే అరుగు మీద కూర్చున్నవాళ్లకు ఏం చెబుతాడు? మా ఇండ్లలో చాటకు చిల్లు పడితే పారేయం. పాత కాగితం నానబెట్టి, మెంతులు కలిపి నూరి, అలికి, ఎండబెడతాం. గంపకైనా అంతే. చిల్లుపడ్డదాన్ని చిల్లుతో ఇంకొకరి చేతికివ్వడం నన్ను కన్న తల్లి, మా అవ్వ, నేర్పలేదు నాకు. గూట్లో ఆయన దాచుకున్న పాత కాగితాల కట్ట ఉంది. అందులోంచి ఒకటి లాగి, చిల్లుకు సరిపడా కత్తిరించాను. అన్నం మెతుకులు నలిపి, వెనక నుంచి అతికాను. పక్క వరుసలూ ఈ వరుసలూ తిన్నగా కలిసేటట్టు పట్టి పట్టి చూసుకున్నాను. అక్షరాలు తలకిందులు కాకుండా కూడా చూసుకున్నాను. పొయ్యి సెగకు ఆరబెట్టి, చేత్తో రాస్తే ఎక్కడ అతికానో నాకే తెలియలేదు. దారంతో చుట్టి కండక్టరుకు ఇచ్చాను. మంచి పని చేశాననుకున్నాను.

ఆయన గూట్లో దాచుకునే కాగితాలు ఏమై ఉంటాయో ఆలోచించలేదు నేను. అవి పాత బంతాట రాతలు.

ఆ తర్వాత జరిగింది మా అవ్వ చెప్పింది. కండక్టరు మోటరు దిగుతూనే అరిచాడట, “మున్షీసాబ్, మీ జాబు అచ్చయిందంట! కామారెడ్డి హోటల్ల అందరు సదువుతున్నరు!” గోడ మీద అతికించారన్న సంగతి చెప్పలేదు. బాపు ఆ రోజు కచ్చేరీ ముందర చాప కూడా పరచలేదు. పిలవనంపి మరీ అందరినీ అరుగు దగ్గరికి రప్పించాడు. ముందు రెండు పేజీలు వదిలేసి మూడోది తీశాడు. “ఇగ మనది వింటరా” అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఆ సంతోషంలో ముందు కళ్లతో చదువుకోవడం మరిచిపోయి, నేరుగా పైకే చదివేశాడు.

“రెండో సగంల కుడిదిక్కు నుంచి బంతి వచ్చింది, గోలు కాసేటి గోలీ దాన్ని…”

అక్కడ ఆగాడు.

కచ్చేరీ గుమాస్తా చప్పట్లు కొట్టాడు. “సెబాష్! మున్షీసాబు నాలుగో పేజీ సదువుతున్నడు! గోలీ ఏంజేసిండు సాబ్? పట్టిండా, ఇడిసిండా?”

అరుగంతా నవ్వింది. బీడీలు చుట్టే ఆడవాళ్లు కూడా చాటలు పక్కన పెట్టి నవ్వారు. ఇరవై ఏళ్లుగా ఆయన నోటి నుంచి వచ్చిన మాటకు ఊఁ అన్నవాళ్లే. బాపు కాగితాన్ని ఎండకు పట్టి చూశాడు. అతుకు కనబడింది. లోపలికి వచ్చి మా అవ్వతో అన్నాడు: “నా జాబు కోసి, దాని జాగల బంతి అతికి, పదిమందిల నన్ను బంతిని జేసిండు నీ అల్లుడు. ఇగ ఆ గడప తొక్క.”

“మరి బిడ్డను తేవద్దా? వచ్చే నెల ఏడో నెల.”

“పంపుకుంటె వాడే పంపుకుంటడు.”

నాకు ఈ సంగతి కండక్టరు వల్ల రెండు రోజుల తర్వాత తెలిసింది. వంటింట్లో కూలబడ్డాను. సాయంత్రం ఆయనకు చెప్పాను. “ఆ అతుకు నేను ఏసిన. నాకు తెల్వక ఏసిన. బాపుకు చెప్పుండ్రి.”

ఆయన నన్ను ఒకసారి చూసి, ఇక నవ్వడం మొదలుపెట్టాడు. గోడ పట్టుకుని నవ్వాడు. కళ్ల నీళ్లు తుడుచుకుని, “నువ్వా? అబ్బ! నాకు గింత తెలివి ఎక్కడిది! ఎవ్వలతోటి అనకు” అని లేచి హోటలుకు పోయాడు. అక్కడ ఆ అతుకు తానే వేసినట్టు చెప్పుకున్నాడు. స్టేషనువాళ్లంతా చాయ తాగించారట. నా మగని మీద నాకు అంతకు ముందు కోపం వచ్చేది, పోయేది. ఆ రోజు వచ్చింది మాత్రం పోలేదు. నా చేతి పని చూపించి ఆయన శెబాసు అనిపించుకున్నాడు. నా కాన్పు మాత్రం ఎటూ గాకుండా పోయింది.

ఏడో నెల వచ్చింది. వాడలో ఆడవాళ్లు అడిగేవాళ్లు, “నీ తల్లిగారు ఎప్పుడొస్తరు?” రేపు మాపు అనేదాన్ని. తొలి కాన్పుకు తల్లిగారు వచ్చి తీసుకుపోవాలి, ఎదురేగి మనంతట మనం పోకూడదు. పత్రిక మాత్రం రోజూ పోతూనే ఉంది. ఆయన దాన్ని విప్పకుండానే గూట్లో పెట్టేవాడు. బంతాట సంగతులు స్టేషనులో వేరే పత్రిక చూసి తెలుసుకునేవాడు. నేను కట్ట కట్టి ఇస్తూ, “మా బాపును ఒక్కసారి రమ్మను అన్నా, అతుకు నాదే అని చెప్పు” అని బతిమాలాను. ఈసారి చేర్చాడు. జవాబు కూడా తెచ్చాడు.

“ఏమన్నడు బాపు?”

“అతికింది నా బిడ్డే కావచ్చు, కోసిందెవలు అన్నడు.”

కట్టకు మిగిలిన దారం వేలికి చుట్టుకుంటూ లోపలికి వచ్చాను.

ఎనిమిదో నెలలో గర్భిణిని పొలిమేర దాటించరు. ఆ నెలంతా వాన. ఇంట్లో మేం ముగ్గురమూ మూడు దిక్కులు చూసుకుని కూర్చునేవాళ్లం. మా అత్త ఎవరి పక్షమూ కాదు. కొడుకును తిట్టేది, వియ్యంకుణ్ణి తిట్టేది, పత్రిక అచ్చేసేవాణ్ణి కూడా తిట్టేది. “ఆడు ఆ పేజీ ఉత్తగ ఇడిసిపెట్టినా అయిపోవు. తెల్ల కాయితమన్నా మిగిలేటిది” అనేది.

తొమ్మిదో నెలలో ఒక పొద్దున, పత్రిక ఇవ్వడానికి గుమ్మంలోకి వచ్చేసరికి, ముందు రోజు మోటరుకు వచ్చి ఎక్కడో తలదాచుకున్నట్టుంది, మా అవ్వ వాకిట్లో నిలబడి ఉంది. చంకలో మూట. ఒక్కతే. ఎల్లారెడ్డి దాటి ఒంటరిగా ఎన్నడూ పోయిన మనిషి కాదు.

“నడువు బిడ్డా, పోదాం.”

మా అత్త అడ్డం వచ్చింది. “వదినే, మంచిగ మాట్లాడుకుందాం. తొమ్మిది నెలల పిల్లను ఆడదాని ఎంట ఎట్ల పంపుత? తొవ్వల ఏమన్న అయితె? నీ ఇంటి మగోడు రావాలె.”

“మా ఇంటి మగోడు నీ ఇంటి మగోని మీద అలిగిండు.”

“అయితె అలుక తీర్సుకోని రమ్మను.”

ఆయన కూడా బయటికి వచ్చి అదే అన్నాడు. “అత్తా, నీ మీద నాకేం లేదు. ఆయన రావాలె. వచ్చి, నా నౌకరి మీద రాసింది తప్పని ఒక్క మాట అనాలె.”

మా అవ్వ ముగ్గురి ముఖాలూ చూసింది. మూట దించలేదు. “పంపరు గదా? అయితె నేను పోను” అన్నది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కూతురికి బిడ్డ పుట్టేవరకు కన్నవాళ్లు ఆ ఇంట్లో తిండి ముట్టరు. మా దిక్కు అది గట్టి కట్టు. మా అవ్వ పక్కింటి సాకలామె వాకిట్లో మూడు రాళ్లు పెట్టుకుంది. మూటలో తెచ్చుకున్న జొన్నపిండితో రొట్టె చేసుకుని, మిరపకాయలు నూరుకుని తినేది. నీళ్లు కూడా మా కడవలోవి తాగలేదు. తిని, చేతులు కడుక్కుని, మా ఇంటికి వచ్చి నా కాళ్లు పట్టేది, తల దువ్వేది. ఆకలి వేళకు మళ్లీ లేచి పోయేది. అత్త వండుతుంటే వాసనకు నాకు ముద్ద దిగేది కాదు. గోడ అవతల మా అవ్వ పొగలో దగ్గుతూ ఊదురుగొట్టం ఊదుతున్న చప్పుడు వినబడేది. ఆయనకూ వినబడేది. మూడో రోజు, “అత్తను లోపటికి రమ్మను, ఈ కట్లన్ని ఎవలు పెట్టిండ్రు?” అన్నాడు నాతో.

“మీరు, మా బాపు పెట్టుకున్న కట్లకంటె ఇదే నయం” అన్నాను. పెండ్లయ్యాక ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదలు.

తొమ్మిది రోజులు అట్లా గడిచాయి. పదో రోజు పొద్దెక్కుతుండగా నొప్పులు వచ్చాయి. మంత్రసానిని పిలిచారు. మధ్యాహ్నం దాటాక ఆడపిల్ల పుట్టింది. మా అవ్వ బిడ్డను కడిగి నా పక్కన పడుకోబెట్టి, వంటింట్లోకి పోయి, ఎవరూ పెట్టకుండానే తనే పళ్లెం తీసుకుని అన్నం వడ్డించుకుంది. మా అత్త పరుగున పోయి నెయ్యి వేసింది. ఇద్దరూ ఏడుస్తూ ఏదో మాట్లాడుకున్నారు. నాకు నిద్ర పట్టింది.

కబురు కండక్టరే చేర్చాడు. మర్నాటి మోటరుకు బాపు దిగాడు. నేను లోపల మంచంలో ఉన్నాను. వాకిట్లో మాటలు గోడ ఇవతలకు వినబడుతున్నాయి.

“నా మనుమరాలిని చూస్తందుకొచ్చిన. వేరే పని లేదు.”

“చూడుండ్రి మామా. ఎవలొద్దన్నరు?”

బాపు లోపలికి వచ్చాడు. బిడ్డను చూశాడు, నన్ను చూశాడు. నా తల మీద చెయ్యి పెట్టి, బయటికి వెళ్లాడు. ఇక అయిపోయింది, కలిసిపోతారనుకున్నాను. వాకిట్లో మళ్లీ మొదలైంది.

“నా జాబు ఏది?”

“గోడ మీదున్నది.”

“తీస్కరా.”

“రాదు మామా. గట్టిగ అతుక్కున్నది.”

“అయితె గోడనే తీస్కరా.”

“గోడ హోటలోనిది. మీరు నా నౌకరి మీద రాసింది మాత్రం నాదే. దాని సంగతి జెప్పుండ్రి.”

“అబద్ధం రాసిన్నా? నా పేరు మీదొచ్చిన అక్బారును నాకంటె ముందుగాల ఇప్పుకున్నవా లేదా?”

“మీరే ఇప్పుకొమ్మన్నరు గదా పెండ్లినాడు!”

“చదువుమన్న. కొయ్యమన్ననా?”

“చదువుమన్నరు గదా, మరి మీరెందుకు చదవరు నాలుగో పేజీ?”

“చదవ. సచ్చినా చదవ.”

మా అత్త పళ్లెం పట్టుకుని మధ్యలో నిలబడ్డదట. “అన్నా, బిడ్డ పుట్టింది, ఇగ మా ఇంట్ల తినచ్చు. రెండు ముద్దలు తిను.” బాపు చేయి కడుక్కోలేదు. “పురుడు ఎల్లినంక వచ్చి తోలుకపోత. అప్పటిదాక నాకు ఈ ఇంట్ల నీళ్లు కూడ వద్దు” అని తిరిగి మోటరెక్కాడు. మా అవ్వ మాత్రం వెళ్లలేదు. “నువ్వు పో, నాకు మనుమరాలున్నది” అని వాకిట్లోంచే చెప్పి, నీళ్లు కాగబెట్టడానికి లోపలికి వచ్చింది.

అన్న ప్రకారమే ఇరవై ఒకటో రోజు దాటాక బాపు వచ్చాడు. ఈసారి మా అత్త అడ్డు చెప్పలేదు, మగదిక్కు వచ్చింది కనుక. నా మగడు మోటరు దాకా వచ్చాడు. బిడ్డను నా చేతికి అందించాడు. ఆ రోజు పత్రికను మడతైనా విప్పకుండా కిటికీలోంచి బాపు వైపు చాచాడు. బాపు తీసుకున్నాడు. మోటరు కదిలింది.

బాపు దారంతా ఆ కాగితాన్ని చదవలేదు. ఒక్కొక్క పేజీని వెలుతురుకు పట్టి, బొటనవేలితో పై నుంచి కింది దాకా రాసి, ఎక్కడైనా అతుకు తగులుతుందేమోనని చూశాడు. మొదటి పేజీ, రెండోది, మూడోది. మూడో పేజీని మళ్లీ రెండోసారి చూశాడు. నేను ఎదురుగా కూర్చున్నాను. ‘అది నేను వేసిన అతుకు బాపూ’ అని ఇంకోసారి చెప్పాలని ఉండె గాని, చెప్పి ఏం లాభం. ఆయనకు తెలుసు.

తాడ్వాయి దాటాక పొద్దు మా దిక్కుకు తిరిగింది. కిటికీలోంచి ఎండ నేరుగా బిడ్డ ముఖం మీద పడగానే అది ఏడుపందుకుంది. కొంగు కప్పితే చెమటకు ఇంకా ఏడ్చింది. మా అవ్వ, “ఆ కాయితమన్నా అడ్డం పట్టరాదు?” అని కసిరింది. బాపు పత్రిక తిరగేశాడు. నాలుగో పేజీ బయటికి వచ్చేటట్టు మడిచి, బొమ్మలు ఎండ దిక్కుకు పెట్టి, కిటికీకి అడ్డంగా పట్టాడు. బిడ్డ ముఖం మీద నీడ పడింది. ఏడుపు ఆగింది.

“ఇన్ని దినాలకు ఒక పనికొచ్చింది” అన్నాడు.

మా అవ్వ నవ్వలేదు, నేనూ నవ్వలేదు. లింగంపేట వచ్చేదాకా ఆయన ఆ కాగితాన్ని అట్లాగే పట్టుకుని కూర్చున్నాడు. చెయ్యి గుంజినప్పుడు రెండో చేతికి మార్చుకున్నాడు.